కరెంటు పోలేదు, రైళ్లు ఆగాయి: ఒక మెట్రో విద్యుత్ సరఫరా కేసు

ఇందులో ఊరు, సంస్థల పేర్లు, తేదీలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సాంకేతిక వివరాలు కూడా మార్చాను. విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు సాంకేతిక సలహాదారుగా ఉన్నప్పుడు నా చేతుల మీదుగా నడిచిన కేసు ఇది. నాణ్యత ప్రమాణాలు, టారిఫ్ (కరెంటు ధరల) నిబంధనలు రాసేవాళ్లకు ఎక్కడైనా ఇలాంటి పంచాయితీ ఎదురవుతుంది కాబట్టి ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో కాస్త వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

పెద్ద నగరం, కొంత భూగర్భంలోనూ కొంత పైనా నడిచే మెట్రో. రైళ్లను లాగేది 750 వోల్టుల డీసీ. పంపిణీ సంస్థ హైటెన్షన్‌లో ఇచ్చే కరెంటును మెట్రో తన ట్రాక్షన్ సబ్‌స్టేషన్లలో దించి, రెక్టిఫయర్ల ద్వారా డీసీ చేసి, పట్టాల పక్కనుండే మూడో పట్టాకు ఇస్తుంది. ఈ సబ్‌స్టేషన్లు దారి పొడవునా వరసగా ఉంటాయి. ఒకటి పడిపోతే దానికి అటూ ఇటూ ఉన్నవి ఆ ముక్కను మోస్తాయి. రైళ్లు కొంచెం నెమ్మదిస్తాయి తప్ప ఆగవు.

సిగ్నళ్ల సంగతి వేరు. ఒక్కో స్టేషన్ దగ్గర సిగ్నళ్లను నడిపే పరికరాలుండే ఒక రిలే గది, దానికి పంపిణీ సంస్థ నుంచి రెండు లోటెన్షన్ కనెక్షన్లు. ఒకటి రోజూ వాడేది, రెండోది రిజర్వు. మొత్తం లోడు చిన్న ఆఫీసు వాడేంత. పంపిణీ సంస్థ రికార్డుల్లో కూడా అది చిన్న ఆఫీసే: 'లోటెన్షన్, వాణిజ్యం'. ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌కు ఏమైనా అయితే పైఅధికారికి ఫోన్ పోతుంది. రిలే గదికి ఏమైనా అయితే అది మామూలు కంప్లయింట్ల వరసలో పడుతుంది. వినియోగదారుణ్ణి లోడును బట్టి వర్గీకరించే పద్ధతి మన రంగంలో ఎంత పాతదంటే, అందులో తప్పేముందని ఎవరూ అడగలేదు. రైళ్లను ఆపగల కనెక్షన్ ఏదని ముందే అడిగి ఉంటే ఈ కేసే ఉండేది కాదేమో.

కమిషన్ ముందుకొచ్చిన సమస్య

మెట్రో పిటిషన్‌లో ఏడాది కాలంలో జరిగిన ఘటనల పట్టిక ఉంది. ఎక్కువ భాగం రద్దీ వేళల్లోనే. సిగ్నళ్లు ఎర్రబడడం, రైళ్లు సొరంగంలో నిలిచిపోవడం, స్టేషన్లలో జనం కిక్కిరియడం. పంపిణీ సంస్థ మీద జరిమానా వేయాలని, ప్రతి రిలే గదికీ వేరే సబ్‌స్టేషన్ నుంచి ఇంకో ఫీడర్‌ను (కరెంటు తెచ్చే లైన్‌ను) ఆ సంస్థ ఖర్చుతోనే వేయించాలని కోరారు.

పంపిణీ సంస్థ జవాబు క్లుప్తంగా ఉంది: ఆ పట్టికలోని ఘటనల్లో చాలావాటికి తమ వైపు అంతరాయమే నమోదు కాలేదు.

మొదటి విచారణలో వాళ్ల ప్రొటెక్షన్ ఇంజనీరు లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. "మా ఫీడర్‌లో కరెంటే పోలేదండీ."

మెట్రో సిగ్నలింగ్ విభాగం పెద్దాయన అక్కడే లేచారు. "పోకపోతే మా సిగ్నళ్లన్నీ ఒక్కసారిగా ఎర్రగా ఎందుకయ్యాయి సార్?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పంపిణీ సంస్థల పనితీరును కొలిచే కొలబద్ద ఎలాంటిదో చూస్తే ఇది తెలుస్తుంది. ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ రాసిన 1366 ప్రమాణం ప్రకారం 5 నిమిషాలు దాటిన అంతరాయమే 'నిలకడ అంతరాయం'. సగటు అంతరాయాల సంఖ్యా, సగటు నిమిషాలూ దాన్నుంచే లెక్కగడతారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50160లో ఆ గీత 3 నిమిషాల దగ్గరుంది. వోల్టేజ్ పూర్తిగా పోకుండా 90 శాతం కిందికి పడి, ఒక నిమిషం లోపు తేరుకుంటే అది అంతరాయం కాదు, 'డిప్'. ఈఎన్ 50160 డిప్‌లకు ఎలా లెక్కరాయాలో చెబుతుంది, ఇన్నిటికి మించకూడదని మాత్రం చెప్పదు. అంటే మెట్రోను ఆపుతున్న విషయం కమిషన్ తెప్పించుకునే ఏ నివేదికలోనూ కనిపించదు.

ఒక ఘటనను దగ్గరగా చూస్తే

పట్టికలోంచి ఒక ఘటన తీసుకుని, రెండు వైపుల రికార్డులూ పక్కపక్కన పెట్టి చదివాం. ఉదయం రద్దీ వేళ, రిలే గదికి కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌లోనే ఇంకో ఫీడర్ మీద కేబుల్ జాయింట్ పేలింది. ఆ ఫీడర్ బ్రేకర్ (లైన్‌ను తెంచే స్విచ్) ట్రిప్ అయ్యేదాకా, అంటే సుమారు 120 మిల్లీసెకన్లు, ఫీడర్లన్నీ కలిసే బస్‌బార్ వోల్టేజ్ సగానికి దగ్గరగా పడిపోయింది. ట్రిప్ అవగానే మామూలైపోయింది. ఆ బస్‌బార్ మీదున్న ఇళ్లలో లైట్లు ఒకసారి మినుకుమని ఉంటాయి, అంతే.

రిలే గదిలో వేరే కథ నడిచింది. మామూలు కనెక్షన్ నుంచి రిజర్వుకు మార్చే ప్యానెల్‌లో ఏసీ కాయిల్ అయస్కాంతంతో పట్టి ఉంచే స్విచ్, అంటే కాంటాక్టర్ ఉంది. వోల్టేజ్ సగానికి పడితే అలాంటి కాంటాక్టర్ పట్టు వదిలేస్తుంది. ప్యానెల్ రిజర్వు వైపు చూసింది. రిజర్వు కూడా అదే బస్‌బార్ నుంచి వస్తోంది కాబట్టి అక్కడా చాలినంత వోల్టేజ్ లేదు. వోల్టేజ్ తగ్గితే కనెక్షన్‌ను తెంచే అండర్‌వోల్టేజ్ రిలేకు టైమ్ డిలే సున్నా దగ్గర పెట్టి ఉంది, అది రెండు కనెక్షన్లనూ 'చెడిపోయినవి'గా లెక్కేసి తెరిచేసింది. రైళ్ల దారులు ఒకదానికొకటి అడ్డురాకుండా చూసే ఇంటర్‌లాకింగ్ కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది, దానికేమీ కాలేదు. యాక్సిల్ కౌంటర్లు మాత్రం ఈ ప్యానెల్ నుంచే కరెంటు తీసుకుంటున్నాయి.

పట్టా మీద ఒక ముక్కలోకి ఎన్ని ఇరుసులు వెళ్లాయో, ఎన్ని బయటికొచ్చాయో లెక్కబెట్టి ఆ ముక్క ఖాళీగా ఉందో లేదో చెప్పే పరికరం యాక్సిల్ కౌంటర్. కరెంటు పోతే లెక్క మరిచిపోతుంది. మళ్లీ లేచాక, లోపల రైలు ఉందో లేదో తెలియదు కాబట్టి, ఉన్నట్టే చూపిస్తుంది. భద్రత కోసం అలాగే తయారు చేస్తారు, చేయాలి కూడా. దాంతో ప్రతి ముక్కనూ రీసెట్ చేసి, మొదటి రైలును కనుచూపు మేర చూసుకుంటూ మెల్లగా నడిపించి, ఖాళీ అని రూఢి చేసుకుంటే తప్ప సిగ్నల్ పచ్చబడదు. సెకనులో ఎనిమిదో వంతు డిప్‌కు 40 నిమిషాలు రైళ్లు నిలిచాయి. పంపిణీ సంస్థ లాగ్‌బుక్‌లో పక్క ఫీడర్ ట్రిప్ అయినట్టు ఒక లైను ఉంది. రిలే గదికి వెళ్లే ఫీడర్ పేరు ఆ రోజు ఎక్కడా లేదు.

మొదట చేసింది: ఘటనకింత జరిమానా

కమిషన్ ముందుగా ఎంచుకున్నది జరిమానా. కారణాలు లేకపోలేదు. ప్రయాణికుల కోపం తీవ్రంగా ఉంది, రేపే ఏదో ఒకటి చేయాలి, జరిమానాకు కేబుల్ తవ్వనక్కర్లేదు. పోల్చుకోవడానికి న్యూయార్క్ ఉదాహరణ కూడా ఉంది. 2017 ఏప్రిల్ 21 ఉదయం మన్‌హటన్‌లోని 7వ అవెన్యూ–53వ స్ట్రీట్ స్టేషన్‌లో కరెంటు పోయి సిగ్నళ్లు పనిచేయకపోతే, ఆ ప్రభావం చాలా లైన్లకు పాకింది. ఆ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ విచారణ జరిపి, అదే ఏడాది ఆగస్టులో పంపిణీ సంస్థకు ఆదేశాలిచ్చింది. ఏడాదిలో 32,000కు పైగా రైలు ఆలస్యాలకు కరెంటు సమస్యలే కారణమని అప్పటి గవర్నర్ ఆండ్రూ క్యూమో అన్నారు. ఆ లెక్కలో ఏయే ఆలస్యాలు కలిపారన్న దాని మీద తర్వాత పత్రికల్లో వాదన నడిచింది. మా వాళ్లు ఆదేశాన్ని చూశారు, ఆ వాదనను చూడలేదు.

మా దగ్గరా సరిగ్గా అక్కడే బెడిసికొట్టింది. జరిమానా ఎప్పుడైతే కారణాన్ని బట్టి పడుతుందో, కారణం రాసేవాడి కలానికి విలువ పెరుగుతుంది. మెట్రో కంట్రోల్ రూమ్‌లో కాస్త అనుమానం ఉన్న ప్రతి ఆలస్యమూ 'విద్యుత్' కోడ్ కింద పడసాగింది. పంపిణీ సంస్థ వైపు అవే ఘటనలు 'వినియోగదారు ఆవరణలో లోపం' అయ్యాయి. రెండు సంస్థల గడియారాలూ ఒకదానితో ఒకటి కలవవు. మెట్రో రికార్డులో సిగ్నల్ పోయిన సమయానికీ, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తెరుచుకున్న సమయానికీ నిమిషాల తేడా ఉంటే, ఒకటి రెండోదానికి కారణమని ఎవరు తేల్చాలి? విచారణలన్నీ గడియారాల చుట్టూ తిరిగాయి. ఒక్క కాంటాక్టర్ మారలేదు, ఒక్క జాయింట్ బాగుపడలేదు.

ఇంకో సంగతి. జరిమానా వసూలైతే మెట్రోకు తన ప్యానెల్ మార్చుకునే అవసరం ఏముంటుంది? ఎదుటివాడి తప్పుకు డబ్బు వచ్చే చోట సొంతింటి రిపేరు వెనకబడుతుంది. ఇది మెట్రో మీద నింద కాదు, నిబంధన అలా రాస్తే ఎవరైనా అలాగే చేస్తారు.

రెండోది: వేరే సబ్‌స్టేషన్ నుంచి ఫీడర్

అందరికీ న్యాయంగా తోచిన పరిష్కారం ఇది. ఖర్చు మాత్రం విపరీతం. ఎవరు భరించాలన్న దానికి ముందు, ఒక భాగంలో వేసి చూడాలని కమిషన్ ఆదేశించింది. మంచి నిర్ణయం. మొత్తానికి ఒకేసారి మంజూరు చేసి ఉంటే నగరమంతా తవ్విపోసి ఉండేవాళ్లం.

వేసిన చోట పూర్తిగా కరెంటు పోయే ఘటనలు తగ్గాయి. డిప్‌లకు మాత్రం పెద్దగా తేడా లేదు. కాగితం మీద రెండు సబ్‌స్టేషన్లు వేరు, కానీ రెండింటికీ పైన ట్రాన్స్‌మిషన్ స్థాయిలో మూలం ఒక్కటే. ఆ స్థాయిలో ఎక్కడ ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటిది) జరిగినా దాని కింద ఉన్న ప్రాంతమంతా వోల్టేజ్ కుంగుతుంది. దూరం పెరిగే కొద్దీ కుంగుడు తగ్గుతుంది, పోదు. కరెంటు పోవడానికి రెండో ఫీడర్ మందు. కరెంటు కుంగడానికి కాదు. ఈ తేడా ఇంజనీర్లకు కొత్త కాదు, ఆదేశంలోకి ఎక్కడానికి మాత్రం ఇంత ఖర్చయింది.

ఈ దశలో బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9న జరిగినది కమిషన్ సభ్యులకు వివరించాను. పిడుగు పడిన కాసేపట్లోనే రెండు పెద్ద ఉత్పత్తి కేంద్రాలు గ్రిడ్ నుంచి తప్పుకోగా, 50 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడింది. సుమారు 11 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయి, గంటలోపే తిరిగి వచ్చింది. లండన్ చుట్టుపక్కల రైళ్లు మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా కుదుటపడలేదు. ఒక తరహా రైళ్లలోని సాఫ్ట్‌వేర్ 49 హెర్ట్జ్ కంటే కిందికి పడగానే రైలును ఆపేసింది. వాటిలో చాలావాటిని డ్రైవర్ మళ్లీ స్టార్ట్ చేయలేకపోయాడు, టెక్నీషియన్ లాప్‌టాప్ పట్టుకుని రైలు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. పై లైన్‌లో ట్రాక్షన్ కరెంటు ఉంది, రైలే వద్దంది. గ్రిడ్ వైపు లోపం ఉండవచ్చు, అయినా నష్టం ఎంతసేపన్నది మీటరుకు వినియోగదారు వైపే తేలిందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అక్కడి నుంచి ప్రశ్న మారింది. 'ఎవరి తప్పు' అన్నది పక్కనబెట్టి, 'ఏ డిప్‌ను ఎవరు తట్టుకోవాలి' అని అడగడం మొదలుపెట్టాం.

పనిచేసింది

గీత ఎక్కడ గీయాలన్నదే అసలు నిర్ణయం. సెమీకండక్టర్ పరిశ్రమలో సెమీ ఎఫ్47 అనే ప్రమాణం ఉంది. వోల్టేజ్ 50 శాతానికి పడితే 0.2 సెకను, 70 శాతానికి పడితే 0.5 సెకను, 80 శాతానికి పడితే 1 సెకను పాటు యంత్రం తట్టుకోవాలంటుంది. ఆ ఆకారం బాగుంది కానీ, దాన్ని యథాతథంగా తెచ్చుకుంటే 'మాకెందుకు' అని రెండు వైపులా అంటారు. అంకెకు మన వ్యవస్థలో ఒక కారణం ఉండాలి.

కారణం ప్రొటెక్షన్ లెక్కల్లో దొరికింది. ఆ ప్రాంతపు కేబుళ్లకు, రెండు చివర్ల కరెంటునూ పోల్చి ఫాల్ట్‌ను పట్టే డిఫరెన్షియల్ ప్రొటెక్షన్ ఉంది. ఫాల్ట్ జరిగితే అది, బ్రేకర్ సమయం కలుపుకుని, 150 మిల్లీసెకన్ల లోపే తీసేయాలి. అది విఫలమైతే బ్యాకప్ రిలే పనిచేస్తుంది, దానికి ఇంకో 300 మిల్లీసెకన్లో ఎక్కువో పడుతుంది. అంటే డిప్ ఎంతసేపు ఉందో చూస్తే చాలు, పంపిణీ సంస్థ పరికరం సరిగా పనిచేసిందో లేదో తెలిసిపోతుంది. కేబుల్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఫాల్ట్ జరుగుతుంది. దానికి ఎవరినీ శిక్షించలేం. వెంటనే తీసేయకపోతే మాత్రం అది నిర్వహణ లోపం.

అందుకని 200 మిల్లీసెకన్ల దగ్గర గీత గీశాం. అంతకు లోపు డిప్ ఎంత లోతుగా ఉన్నా మెట్రో సిగ్నలింగ్ తట్టుకోవాలి, తట్టుకోకపోతే ఆ ఆలస్యం మెట్రో ఖాతాలో. గీత దాటితే పంపిణీ సంస్థ ఖాతాలో, ప్రొటెక్షన్ ఎందుకు ఆలస్యమైందో రాతపూర్వకంగా చెప్పాలి. రెండు సంస్థల న్యాయవాదులూ మొదట అభ్యంతరం చెప్పారు. ఇంజనీర్లు చెప్పలేదు. గీతకు ఇటు ఒకరికీ అటు ఒకరికీ తమ చేతిలో ఉన్న పనే మిగిలింది మరి.

గీత పనిచేయాలంటే కొలత ఉండాలి. రిలే గదుల మీటర్ల దగ్గర డిప్‌లను తరంగ రూపంతో సహా నమోదు చేసే రికార్డర్లు పెట్టించాం. రికార్డర్, సబ్‌స్టేషన్ రిలేలు, మెట్రో కంట్రోల్ రూమ్ మూడూ జీపీఎస్ సమయానికి కలపాలన్నది షరతు. గడియారాల గొడవ అక్కడితో ముగిసింది. రికార్డర్ల ఖర్చును పంపిణీ సంస్థ ఆస్తుల్లో కలిపి టారిఫ్ ద్వారా రాబట్టుకోనిచ్చాం, ఎందుకంటే ఆ సమాచారం అదే బస్‌బార్ మీదున్న ఆసుపత్రులకూ ఇతరులకూ కూడా పనికొస్తుంది. రిలే గదిలోని మార్పుల ఖర్చు మెట్రోదే. దాన్ని మామూలు వినియోగదారుల బిల్లుల్లో వేయడానికి మాకు కారణం కనిపించలేదు.

మెట్రో చేసిన మార్పులు చూస్తే ఇంత గొడవ వీటికోసమా అనిపిస్తుంది. యాక్సిల్ కౌంటర్ల సరఫరాను బ్యాటరీ మీదికి మార్చారు. ఏసీ కాయిల్ కాంటాక్టర్ల స్థానంలో డిప్‌ను తట్టుకునేవి పెట్టారు. అండర్‌వోల్టేజ్ రిలేకు టైమ్ డిలే ఇచ్చారు. ఇవన్నీ రాత్రి రైళ్లు ఆగాక కొన్ని గంటల్లో అయ్యే పనులు. కొత్త ఫీడర్ ఖర్చు పక్కన పెడితే ఇది లెక్కలోకే రాదు.

టారిఫ్‌లో దాక్కున్న ఇంకో ముడి

ఇది పిటిషన్‌లో లేదు, రికార్డులు చదువుతుంటే బయటపడింది. ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌కు హైటెన్షన్ పోతే, పక్కదాని నుంచి ఫీడ్ పొడిగించాలి. కొన్నిసార్లు మెట్రో కంట్రోలర్ దానికి అనవసరంగా ఆగుతున్నాడు. ఎందుకని అడిగితే ముందు ఎవరూ చెప్పలేదు, తర్వాత బిల్లు చూపించారు. పొడిగించగానే పక్క సబ్‌స్టేషన్ గరిష్ఠ డిమాండ్ (నెలలో లాగిన అత్యధిక లోడు) ఒప్పంద పరిమితిని దాటుతుంది. డిమాండ్‌ను 15 నిమిషాల సగటు మీద కొలుస్తారు. నెలలో ఒక్క పావుగంట దాటినా ఆ నెలంతటికీ అదనపు చార్జీ. అంటే పంపిణీ సంస్థ కరెంటు పోగొడితే, రైళ్లను నడిపించుకున్నందుకు మెట్రో ఆ సంస్థకే అపరాధ రుసుము కట్టాలి!

ఎవరూ కావాలని చేసింది కాదు. ఫ్యాక్టరీ ఒక చోట కదలకుండా ఉంటుంది, దాని కోసం రాసిన నిబంధన అది. రైలు లోడు కదులుతుంది, ఒక మీటరు కింది నుంచి ఇంకో మీటరు కిందికి పోతుంది. పంపిణీ సంస్థ వైపు సరఫరా లేని సమయంలో పక్క పాయింట్‌లో పెరిగిన డిమాండ్‌ను లెక్కలోకి తీసుకోకూడదని ఆదేశించాం. లైన్ మొత్తానికి అన్ని పాయింట్ల డిమాండ్‌ను ఒకే సమయానికి కలిపి కొలవాలన్న మెట్రో కోరికను మాత్రం అప్పటికి ఒప్పుకోలేదు. ప్రతి పాయింట్ దగ్గరా ఆ గరిష్ఠ లోడుకు సరిపడా కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టింది పంపిణీ సంస్థే. ఆ సామర్థ్యానికి ఎవరో ఒకరు కట్టాలి. ఆదేశం మొత్తంలో నేను ఇప్పటికీ రెండు మనసులతో ఉన్నది ఈ ఒక్క విషయంలోనే.

తర్వాత ఏమైంది

200 మిల్లీసెకన్ల లోపు డిప్‌లు వస్తూనే ఉన్నాయి, రికార్డర్లలో కనిపిస్తున్నాయి. మార్పులు చేసిన రిలే గదుల్లో వాటివల్ల సిగ్నళ్లు పోవడం ఆగింది. గీత దాటిన ఘటనల్లో ఒకటి గుర్తుంచుకోదగ్గది. నిర్వహణ పనుల కోసం పంపిణీ సంస్థ సిబ్బంది లోడు మార్చినప్పుడు, ఒక రిలే గది మామూలు కనెక్షనూ రిజర్వూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కిందికి వచ్చాయి. పనికి అనుమతిచ్చే లైన్ క్లియర్ కాగితాల్లో అంతా సక్రమం. ఈ రెండు కనెక్షన్లూ ఒకదానికొకటి తోడని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. అప్పటి నుంచి రిలే గదుల కనెక్షన్లను జంటలుగా గుర్తుపెట్టి, ఆ జంట ఒకే మూలం మీదికి వచ్చే ఏ స్విచింగ్‌కైనా ముందుగా మెట్రో కంట్రోల్ రూమ్‌కు చెప్పాలని నిబంధన పెట్టాం. 'లోటెన్షన్, వాణిజ్యం' అన్న వర్గీకరణ నుంచి కూడా వాటిని అప్పుడే తప్పించాం.

ఇలాంటి గీత గీసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. డిప్ నిడివిని బట్టి బాధ్యత పడుతుందంటే, పంపిణీ సంస్థకు బ్యాకప్ రిలే టైమింగ్ తగ్గించేయాలని అనిపించడం సహజం. తగ్గిస్తే కింది రిలేకూ పై రిలేకూ మధ్య ఉండాల్సిన ఎడం పోతుంది. చిన్న ఫాల్ట్‌కు పై బ్రేకర్ తెరుచుకుని సగం ప్రాంతం చీకటవుతుంది. అందుకే ఈ ఫీడర్ల మీద ఏ రిలే సెటింగ్ మార్చినా ముందుగా కమిషన్‌కు దాఖలు చేయాలని ఆదేశంలో చేర్చాం. మొదటి దాఖలు అనుకున్నదానికంటే త్వరగానే వచ్చింది. అందులో రెండు రిలేల మధ్య ఎడం 300 నుంచి 150 మిల్లీసెకన్లకు దించారు. బ్రేకర్ తెరుచుకునే సమయం, రిలే పొరపాటు కలిపితే అంత ఎడం చాలదని లెక్క జతచేసి వెనక్కి పంపాం.